అన్నం తిన్నాక వచ్చే సీసా

మొదటిసారి ఆ సీసా బల్ల మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం నాలుగున్నర అయింది. ఉత్తర స్పెయిన్‌లోని నవర్రా ప్రాంతం, ఎస్తెయ్యా పట్టణానికి దగ్గర్లో ఒక పల్లె. నాతో పాటు గాలిమరల కంపెనీలో పనిచేసే ఒకాయన ఆదివారం వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. రెండున్నరకు కూర్చున్నాం. తెల్ల ఆస్పరాగస్ కాడలు, రకరకాల కూరగాయలు కలిపి ఉడికించిన మెనెస్త్రా, గొర్రె మాంసం, చివర్లో తేనె పోసిన క్వాహాదా (గొర్రెపాలను తోడుపెట్టినట్టు గట్టిపరిచిన తీపి), ఆ తర్వాత కాఫీ. ఇక లేస్తారేమో అనుకున్నాను. ఎవరూ లేవలేదు. ఆయన తల్లి లోపలికి వెళ్లి లేబుల్ లేని సీసా ఒకటి, బొటనవేలంత గ్లాసులు ఆరు తెచ్చారు. కిటికీలోంచి ఎండ పడి సీసాలోది దానిమ్మ గింజ రంగులో మెరిసింది.

"ఇప్పుడా?" అని నా నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "కాఫీ అయిపోయిందిగా" అన్నారు.

నాకా ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మన దగ్గర మందు ముందు, అన్నం తర్వాత. రాత్రి ఎనిమిదింటికి మూత తీస్తే పదకొండింటిదాకా పల్లీలు, చికెన్ సిక్స్‌టీఫైవ్, ఉల్లిపాయ ముక్కలు. "అన్నం పెట్టమంటారా" అని లోపల్నుంచి అడుగుతూనే ఉంటారు, "ఇంకొక్క పెగ్గు అయ్యాక" అని ఇటునుంచి జవాబు వెళ్తూనే ఉంటుంది. చివరికి అన్నం వచ్చేసరికి సగం మందికి తినే ఓపిక ఉండదు. పెళ్లికి ముందురోజైనా, ఆఫీసు పార్టీ అయినా, ఊళ్లో జాతరైనా ఇదే వరస. కడుపు ఖాళీగా ఉంటేనే కిక్కు అన్నది లెక్క.

స్పెయిన్ లిక్యూర్ల (పండ్లో, మూలికలో ఊరబెట్టి చేసే తీపి మద్యాల) గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ వరస గురించే. గత ఆరేళ్లలో నా తెలుగు స్నేహితులు చాలామందికి ఇవి రుచి చూపించాను. "దగ్గుమందులా ఉంది" అన్నారు. "పాతిక శాతం ఆల్కహాల్‌కి ఇంత కథా" అన్నారు. వాళ్లు తాగింది రాత్రి ఎనిమిదింటికి, ఖాళీ కడుపుతో, పెద్ద గ్లాసులో ఐసు వేసుకుని. అలా తాగితే నాకైనా దగ్గుమందులాగే ఉంటుంది. పాయసం ఒక బేసిన్ నిండా పోసి భోజనానికి ముందు తాగమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. లోపం పాయసంలో లేదు.

ఇది రాస్తుంటే మా అమ్మమ్మ గుర్తొస్తోంది. ఆమెది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించాక ఆ కోపం పల్లె పల్లెకీ పాకింది. అమ్మమ్మ కూడా వాళ్ల ఊళ్లో కొట్టు ముందు కూర్చున్న వాళ్లలో ఒకరు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. నేను మొదటిసారి సెలవులకు వెళ్లినప్పుడు సంచీలో ఒక సీసా ఉంది. అమ్మమ్మ దాన్ని చూసి, "అది ఈ ఇంట్లో ఉండకూడదు" అంది. పండ్లతో చేసిందని, చిన్న గ్లాసుడే తాగుతారని చెప్పబోయాను. వినలేదు. ఆ సాయంత్రమే దాన్ని బయటికి పంపేశాను. ఆమెది తప్పని నేను ఇప్పటికీ అనను. అన్నానికంటే ముందు ఇంట్లోకి వచ్చిన మందు ఆ అన్నాన్నే మింగేయడం ఆమె కళ్లారా చూసింది. తాగనివాళ్లను తాగమని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఎలాగూ తాగేవాళ్లు ఎప్పుడు, ఎంత, ఎవరి మధ్య కూర్చుని తాగుతున్నారో ఒకసారి ఆలోచించాలని రాస్తున్నాను.

స్పెయిన్‌లో తాగుబోతులు లేరని కాదు. పాంప్లోనాలో జులై నెల సాన్ ఫెర్మీన్ పండగ వారంలో వీధుల్లో నడవడమే కష్టం. కోలా కలిపిన చవక వైను ప్లాస్టిక్ గ్లాసుల్లో చేతులు మారుతూ ఉంటుంది. భోజనానికి ముందు వెర్ముత్ (మూలికలు వేసిన వైను) తాగే అలవాటూ వాళ్లకుంది. కానీ లిక్యూర్ అనేసరికి దాని చోటు వేరు. తిన్నాక బల్ల దగ్గర్నుంచి లేవకుండా కబుర్లు చెప్పుకునే సమయానికి వాళ్ల భాషలో ఒక పేరే ఉంది: సోబ్రెమేసా. ఆ సమయంలోకి వచ్చేది ఈ చిన్న గ్లాసు. దాన్ని చుపీతో అంటారు. కడుపు నిండి ఉంటుంది కాబట్టి ఒకటి, మహా అయితే రెండు. మూడోది పోస్తానన్నా చాలామందికి సయించదు. పైగా తీపి. యూరప్ చట్టం ప్రకారం లిక్యూర్ అనిపించుకోవాలంటే మామూలుగా లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. మిఠాయి ఎవరైనా ఎన్ని తింటారు?

ఆ రోజు నేను తాగినది పచరాన్. బాస్క్ భాషలో అడవి రేగు అనే అర్థం వచ్చే 'బసారన్' నుంచి ఈ పేరు వచ్చింది. రేగు అన్నాను గానీ నిజానికి అది ప్లమ్ జాతి. స్పానిష్‌లో ఎండ్రీనా. పొదలకు కాస్తుంది, నిండా ముళ్లు. పండు మన రేగుపండు కంటే చిన్నది, నేరేడు రంగు, పైన బూడిద పూసినట్టు సన్నటి పొర. కొరికితే పచ్చి నేరేడుకాయలా నాలుక మొద్దుబారిపోయే వగరు. పిట్టలు తప్ప ఎవరూ ముట్టని పండు అది. దాన్ని తినగలిగేలా చేయడానికి కనిపెట్టిన దారే ఈ పానీయం అనిపిస్తుంది నాకు.

మరుసటి ఏడు ఆవిడ నన్ను కూడా కోతకు తీసుకెళ్లారు. సెప్టెంబరు చివర, పొలం గట్ల మీద. చేతి తొడుగులు వేసుకుంటే పండు నలిగిపోతుందని వద్దన్నారు. సాయంత్రానికి మణికట్టు దాకా గీతలు. ఇంటికొచ్చాక ఆవిడ పండ్లన్నీ ఒక తెల్ల గుడ్డ మీద పరిచి, చిట్లినవి, పచ్చిగా ఉన్నవి ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. ఆవకాయ ముక్కలు తుడిచేటప్పుడు మా ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అంత నిశ్శబ్దం. తర్వాత వెడల్పు మూతి సీసాలో లీటరు అనీస్‌కు (సోంపు వాసన ఉండే మద్యం) రెండు పిడికిళ్ల పండ్లు, నాలుగైదు కాఫీ గింజలు, చిన్న దాల్చినచెక్క ముక్క. మూత బిగించి చీకటి గదిలో పెట్టారు. కాచడం, వడపట్టడం లాంటివేమీ లేవు. దుకాణంలో కొన్న అనీస్ మద్యంలో పండును ఊరబెట్టడమే. శరదృతువు రాగానే నవర్రా సూపర్‌మార్కెట్లలో పచరాన్ కోసమే తయారుచేసిన అనీస్ సీసాలు పేర్చి పెడతారు. వారానికోసారి సీసాను మెల్లగా కదపాలి. మొదటి వారంలో గులాబీ రంగు, నెలకు ఎరుపు, మూడు నెలలకు దానిమ్మ. అప్పుడు పండ్లు తీసేయాలి.

ఈ తీసేయడం దగ్గరే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. ఎంత ఊరితే అంత రుచి అనుకుని లీటరుకు అరకిలో పండ్లు వేసి పది నెలలు వదిలేశాను. రంగు గోధుమకు తిరిగింది. గింజల చేదు దిగి, నోట్లో చెక్క నమిలినట్టు ఉంది. మొత్తం పారబోశాను. తర్వాత తెలిసింది, దీనికి లెక్క ఉందని. 1988 నుంచి 'పచరాన్ నవర్రో' అనే పేరుకు రక్షణ ఉంది. ఆ పేరుతో అమ్మాలంటే లీటరుకు 125 నుంచి 300 గ్రాముల పండ్లు వేయాలి, ఒక నెలకు తగ్గకుండా, ఎనిమిది నెలలకు మించకుండా ఊరాలి, ఆల్కహాల్ 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి, రంగులు కలపకూడదు. ఇళ్లలో ఆడవాళ్లకు చేతి కొలతగా తెలిసినదాన్నే అంకెల్లో పెట్టారు. కొనుక్కోవాలంటే సీసా మీద ఆ పేరుందో లేదో చూసుకోండి. 1956లో నవర్రాలోని వియానా అనే ఊళ్లో మొదలైన సోకో బ్రాండు దీన్ని ఇళ్లలోంచి బార్లలోకి తెచ్చింది.

ఎలా తాగాలి అన్నదానికి ఆవిడ మాటే నా మాట: సీసా చల్లగా ఉండాలి, గ్లాసులో ఐసు ఉండకూడదు. బార్లలో అడగకుండానే ఐసు వేసి ఇస్తారు. నీరు కలిసేకొద్దీ పండు వెనక్కి పోయి తీపి ఒక్కటే మిగులుతుంది. ఫ్రిజ్‌లో ఒక పూట పెట్టి, కొద్దిగా పోసుకుని, ముందు వాసన చూడండి. మొదట సోంపు తగులుతుంది, ఆ వెనకాల పండు, మింగాక చివర్లో వగరు. ఆ వగరు కోసమే ఇదంతా. మాంసం తిన్న నోటిని అది కడిగినట్టు చేస్తుంది.

సోంపు వాసనే చాలామంది తెలుగువాళ్లకు దగ్గుమందును గుర్తు చేసేది. నాకు మాత్రం అది బిర్యానీలో అనాసపువ్వు, హోటల్లో బిల్లుతో పాటు గిన్నెలో పెట్టే సోంపు. మూడింట్లోనూ ఉన్నది ఒకే పదార్థం, అనెథోల్ అంటారు. తిన్నాక నోట్లో ఇది పడితే బావుంటుందని వాళ్లకూ మనకూ ఎవరికి వాళ్లకే తోచింది. వాళ్లు దాన్ని మద్యంలోకి దించి అనీస్ చేశారు. మాద్రిద్‌కు దగ్గర్లో, చుట్టూ చెక్క బాల్కనీలున్న గుండ్రటి కూడలి గల చించోన్ ఊరు దీనికి పేరు పడింది. తీపిది, తీపి లేనిది రెండూ దొరుకుతాయి. తీపి లేనిది గ్లాసులో కొద్దిగా పోసి, పైనుంచి చల్లటి నీళ్లు వంచితే పారదర్శకంగా ఉన్నది ఒక్కసారిగా పాలలా తెల్లబడుతుంది. అనెథోల్ ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీటిలో కరగదు. అందుకే నీళ్లు పడగానే సన్నటి బిందువులుగా విడిపోతుంది. దీన్ని పలోమీతా అంటారు, అంటే చిన్న పావురం. లిక్యూర్లలో నీళ్లు వద్దని ఇప్పుడే చెప్పాను కదా, దీనికి మాత్రం కావాలి. వేసవి మధ్యాహ్నాలకు ఇంతకంటే మంచిది నేను తాగలేదు.

బార్సిలోనా పక్కనున్న బదలోనాలో 1870లో మొదలైన అనీస్ దెల్ మోనో సీసా ఒకటి మా పక్కింట్లో ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పారేయరెందుకా అనుకునేదాన్ని. సీసా ఒళ్లంతా వజ్రం చెక్కినట్టు పలకలు పలకలుగా ఉంటుంది, లేబుల్ మీద కోతి బొమ్మ. క్రిస్మస్ రాత్రి తెలిసింది. పాటలు మొదలవగానే ఆ ఇంటి పెద్దాయన సీసా ఎడమచేత్తో పట్టుకుని, చెంచా కాడతో ఆ పలకల మీద పైకీ కిందికీ గీకడం మొదలుపెట్టాడు. గరగరమని తాళం. మనవరాలు కంజర లాంటిది కొడుతోంది. స్పెయిన్ అంతటా క్రిస్మస్ పాటలకు ఇది వాద్యమేనట.

పడమర చివరన గలీసియాకు వెళ్తే కథ మారుతుంది. అక్కడ మూలం ఒరూహో. వైను తీశాక మిగిలిన ద్రాక్ష తొక్కు, గింజల పిప్పిని రాగి పాత్రల్లో బట్టీ పెట్టి తీస్తారు. పోతెయిరోలని, బట్టీ సామాను వెంటేసుకుని ఊరూరా తిరిగి ఎవరి పిప్పి వాళ్లకు కాచి ఇచ్చేవాళ్లు ఉండేవారు. ఒరూహో లిక్యూర్ కాదు, ఘాటైన సారాయి. అందులో కాఫీ, చక్కెర వేసి ఊరబెడితే లికోర్ కఫే. ఓరెన్సె వైపు ప్రతి ఇంటికీ తన సొంత లెక్క ఉంటుంది, పక్కింటిది బాగుందని ఎవరూ ఒప్పుకోరు. మంచి లికోర్ కఫే నల్లగా, కొద్దిగా చేదుగా ఉంటుంది. చాక్లెట్ సిరప్‌లా జారేది వస్తే అది చక్కెర ఎక్కువైనదే.

గలీసియా అనగానే అందరూ చూపించేది కెయిమాదా. మట్టి పాత్రలో ఒరూహో, చక్కెర, నిమ్మ తొక్క, కాఫీ గింజలు వేసి నిప్పంటిస్తారు. దీపాలార్పితే నీలి మంట గరిటెతో పాటు పైకి లేచి కిందికి జారుతుంది. దయ్యాలను తరిమే మంత్రం ఒకరు చదువుతారు. వేల ఏళ్ల నాటి ఆచారం అని నాకు చెప్పారు. కానీ ఆ మట్టి పాత్ర ఆకారం తీతో ఫ్రెయిరె 1955లో తయారుచేసినది. మంత్రం మరియానో మార్కోస్ అబాలో 1967లో రాసినది. ఇది తెలిశాక నాకు దాని మీద ఇష్టం పెరిగింది. సంప్రదాయం అంటే రాతి యుగం నుంచి రావాలనేముంది? ఒక ఊరి జనం ఒకదాన్ని తమది అనుకుని ఏటేటా చేస్తే చాలు. అమ్ముకోవడం కోసం చెప్పే పాత కథలంటేనే నాకు ఇబ్బంది.

కతలోనియాలో రతఫియా ఉంది. జూన్ 24, సాన్ జువాన్ పండగ రోజుల్లో లేత అక్రోట్ కాయలు పచ్చివి కోసి, కొండ మీది ఆకులు, గింజలు ఎన్నో కలిపి మద్యంలో వేస్తారు. ఆ గాజు జాడీని నలభై రోజులు ఆరుబయటే ఉంచుతారు, పగలు ఎండకు, రాత్రి మంచుకు. మన మాగాయ ముక్కలు ఎండబెట్టే రోజులు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. రుచి గురించి మాత్రం పెద్దగా చెప్పలేను. చేదు, తీపి, కషాయం ఒక్కసారే వస్తాయి. రెండుసార్లు తాగినా నాకింకా పూర్తిగా అందలేదు.

మయోర్కా దీవి వాళ్ల పాలో గురించి ఒక్క మాట. పాలో అంటే కర్ర. సింకోనా బెరడు, జెన్షియన్ వేరు వేసి చేసే నల్లటి చేదు పానీయం. మొదట ఇది మలేరియా మందు. బెరడులోని క్వినైన్ చేదు తట్టుకోలేక చక్కెర, మద్యం కలిపారు. 1897లో మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేదాకా ఆ జబ్బు ఎలా వస్తుందో తెలియదు గానీ, బెరడు తాగితే తగ్గుతుందని మాత్రం జనానికి ఎప్పటినుంచో తెలుసు. జ్వరం పోయింది, మందు బల్ల మీద మిగిలిపోయింది. సోడా కలుపుకుని తాగితే బావుంటుంది.

తెలుగువాళ్లకు మొదట ఏది పోయాలని అడిగితే నేను పచరాన్ అనను. కార్తహేనా తీసుకెళ్తాను. ఆగ్నేయాన మూర్సియా ప్రాంతంలో నావికుల రేవు పట్టణం. 1946లో అక్కడ సమోరా కుటుంబం లికోర్ క్వారెంతా ఇ త్రేస్ మొదలుపెట్టింది. పేరుకు అర్థం నలభై మూడు, అన్ని దినుసులు వేస్తారని. 31 శాతం ఆల్కహాల్, బంగారు పసుపు రంగులో, వనిల్లా వాసనతో ఉంటుంది. ఉత్తది తాగితే నాకు తీపి మరీ ఎక్కువ. అక్కడివాళ్లు దాన్ని అసియాతికో అనే కాఫీలో పోస్తారు. దళసరి గాజుతో, కాడతో ఉన్న చిన్న గ్లాసు అడుగున మిల్క్‌మెయిడ్ లాంటి చిక్కటి తీపి పాలు, పైన బ్రాందీ, కొద్దిగా ఈ లిక్యూర్, చిక్కటి వేడి కాఫీ, నిమ్మ తొక్క, రెండు కాఫీ గింజలు, చిటికెడు దాల్చిన పొడి. కింద తెలుపు, పైన నలుపు, మధ్యలో కంచు రంగు. చెంచాతో కలిపేముందు ఒక నిమిషం అలా చూడాలనిపిస్తుంది. ఫిల్టర్ కాఫీ మీద పెరిగిన నాలుకకు ఇది వెంటనే అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బాబాయి, జీవితమంతా విస్కీ తప్ప ముట్టనివాడు, ఒకటి తాగాక నేను "ఇంకోటి చెప్పమంటారా బాబాయ్?" అని అడిగితే, "వద్దమ్మా, చాలు, ఇది చాలు" అన్నాడు. ఆయన నోట "చాలు" అనే మాట నేను విన్నది అప్పుడే.

స్పెయిన్ వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. మామూలు హోటల్లో బిల్లు కట్టాక చుపీతో ఉచితంగా పోస్తారు. చాలాసార్లు అది ఫ్యాక్టరీలో రంగు, ఎసెన్సు కలిపి చేసిన కారమెల్‌దో, యాపిల్‌దో అయి ఉంటుంది. దాన్ని తాగి స్పెయిన్ లిక్యూర్లు ఇంతే అనుకోకండి. "కసేరో ఉందా?" అని అడగండి, ఇంట్లో చేసినది అని. ఉంటే వాళ్ల ముఖమే మారిపోతుంది, లోపలికి వెళ్లి లేబుల్ లేని సీసా తెస్తారు. ఇంకొకటి, దాన్ని షాట్‌లా గుటుక్కున మింగకండి. అంత చిన్న గ్లాసును ఆ పల్లెలో ఆవిడ ఇరవై నిమిషాలు తాగారు. ఆ ఇరవై నిమిషాల్లో వాళ్లాయన పోయిన ఏడు, కొడుకు ఉద్యోగం, మా ఊళ్లో వర్షాలు, అన్నీ మాట్లాడుకున్నాం. కారు నడపాల్సిన ఆయన మాత్రం రెండో కాఫీ తాగాడు, ఎవరూ బలవంతం చేయలేదు. "కంపెనీ ఇవ్వవా" అనే మాట ఆ బల్ల దగ్గర నాకు వినపడలేదు.

ఈ ఏడు పండ్లు అక్టోబరు 12న, పిలార్ పండగ సెలవు రోజున కోశాను. లీటరు అనీస్, 220 గ్రాముల పండ్లు, ఐదు కాఫీ గింజలు, వేలెడంత కూడా లేని దాల్చినచెక్క. సీసా మీద తేదీ రాసి అంటించాను. నిన్న కదిపి దీపానికి ఎదురుగా పట్టి చూస్తే ఎరుపు దాటింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం పాంప్లోనాలో ఉన్న రెండు తెలుగు కుటుంబాలను భోజనానికి పిలిచాను. ముద్దపప్పు, గుత్తివంకాయ, కోడి పులుసు, పెరుగన్నం. పెరుగన్నం అయ్యాకే సీసా తీస్తానని ముందే చెప్పాను. వాళ్లలో ఒకాయన ఫోన్లో, "మరి అప్పటిదాకా ఏం చేయమంటారండీ?" అని అడిగాడు.

తినమన్నాను.